1855 చట్టం ప్రతి ప్రయాణికుడినీ అడగమంది కదా, మరి టికెట్ దళారీ ఎలా తప్పించుకున్నాడు?

వడ్డీలెక్క:

నమస్కారం. నేను చరిత్ర చదువుకున్నవాడిని కాను. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగున సంతకం ఎవరిది, పూచీ ఎవరిది అని చూడటం అలవాటైపోయింది. ఆ కంటితోనే ఈమధ్య పంతొమ్మిదో శతాబ్దపు హాంకాంగ్ గురించి చదువుతున్నాను. చైనా మనుషులు కాలిఫోర్నియాకు, ఆస్ట్రేలియాకు, క్యూబాకు, పెరూకు ఓడలెక్కిన కాలం అది.

నాకు అర్థమైనంతలో, 1855లో బ్రిటిష్ పార్లమెంటు చైనా ప్రయాణికుల చట్టం చేసింది. హాంకాంగ్ నుంచి ఏ దేశపు ఓడ బయల్దేరినా సరే, ఆసియా ప్రయాణికులు ఇరవై మందికి మించి ఉండి, ప్రయాణం ఏడు రోజులు దాటేదైతే ఈ చట్టం కిందికి వస్తుంది. వలస అధికారి స్వయంగా ఓడ ఎక్కి చూడాలి. కెప్టెన్ పూచీదారులతో కలిసి వెయ్యి పౌన్ల బాండు రాసివ్వాలి. ఎక్కడికి పోతున్నారో, ఏ ఒప్పందం మీద పోతున్నారో ప్రయాణికులకు తెలుసునని అధికారి ధ్రువీకరించాలి. మేము అప్పు పత్రం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నట్టే ఉంది.

ఇది హాంకాంగ్‌లో 1856 మొదట్లో అమలుకు వచ్చింది. అదే ఏడాది డ్యూక్ ఆఫ్ పోర్ట్‌లాండ్ అనే ఓడ 332 మందితో హవానాకు బయల్దేరింది. దారిలో 128 మంది చనిపోయారు. చట్టం కొత్తది, అధికారి ఉన్నాడు, బాండు ఉంది. మరి ఇదెలా జరిగింది?

రెండో సందేహం. 1857లో హాంకాంగ్ ప్రభుత్వం టికెట్ దళారీలకు లైసెన్సు పెట్టింది. ఓడను అప్పటికే పట్టుకున్నాక మళ్లీ దళారీని వేరుగా పట్టుకోవలసిన అవసరం ఎందుకు వచ్చింది? పట్టుకోగలిగారా?

తెలిసినవారు విడమరచి చెప్పగలరు.

పాతపటం:

చాలా సింపుల్ అండీ. ఆ చట్టం క్యూబా, పెరూ తోటలకు ఒప్పందం మీద పోయే కూలీల కోసం. కాలిఫోర్నియా వెళ్లినవాళ్లు సొంత డబ్బుతో టికెట్ కొనుక్కున్న స్వేచ్ఛా ప్రయాణికులు, వాళ్లకు దీనితో సంబంధం లేదు. రెండిటినీ కలిపి చూడటం వల్లే మీకు గందరగోళం.

లంగరు:

పాతపటం గారూ, అలా కాదు. చట్టం తలకాయలు లెక్కపెట్టింది, జేబులు కాదు. ఇరవై మంది దాటితే కాలిఫోర్నియా ఓడకూ అదే తనిఖీ. పైగా కాలిఫోర్నియా వెళ్లినవాళ్లలో చాలామంది సొంత డబ్బుతో పోలేదు. ఎవరో టికెట్ కొనిస్తే, అక్కడ సంపాదించి వడ్డీతో తీర్చేవారు. 1852 ఒక్క ఏడాదిలో శాన్‌ఫ్రాన్సిస్కో కస్టమ్స్ లెక్కలో దిగిన చైనీయులు 20,026 మంది. టికెట్ సుమారు 50 డాలర్లు. దక్షిణ చైనాలోని పేర్ల్ నది పక్క పల్లెల్లో అంత డబ్బు ఇంట్లో పెట్టుకున్నవాళ్లు అన్ని వేలమంది ఉంటారా?

వడ్డీలెక్క గారూ, మీరు కాగితం చూస్తారు, నేను ఓడ చూస్తాను. ఇరవై ఏళ్లు సముద్రం మీద, ఆ తర్వాత రేవులో తనిఖీ అధికారిగా పనిచేశాను. కాబట్టి ఆ చట్టంలో నన్ను పట్టేసింది బాండు కాదు, ఒక కొలత. పెద్దవాడొక్కడికి మధ్య డెక్కులో పన్నెండు చదరపు అడుగుల నేల, డెబ్బై రెండు ఘనపుటడుగుల చోటు. పన్నెండేళ్లలోపు పిల్లలైతే ఇద్దరు కలిసి ఒక మనిషి.

డెబ్బై రెండుని పన్నెండుతో భాగిస్తే ఆరు. అంటే ఆరడుగుల ఎత్తు. నిన్న రాత్రి సుద్దముక్కతో నేల మీద ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గీసి అందులో పడుకున్నాను. వెల్లకిలా ఉంటే మోచేతులు గీత మీదికి వచ్చాయి. పక్కకు తిరిగి మోకాలు ముడిస్తే పక్కవాడి గడిలోకి పోయింది. ఇక అతని పెట్టె, చాప, గిన్నె కూడా అందులోనే సర్దుకోవాలి. తెరచాప ఓడలో శాన్‌ఫ్రాన్సిస్కోకు రెండు నెలలు దాటిన ప్రయాణం. మా ఆవిడ వచ్చి, నేల మీద ఏమిటా ముగ్గు అని అడిగింది. ఏం చెప్పను!

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ భాగం పనిచేసే చట్టమే. టేపు పెడితే దూలం అబద్ధం చెప్పదు. నీటి పీపాలు లెక్కపెట్టవచ్చు, బియ్యం తూచవచ్చు. 1861 నుంచి హాంకాంగ్‌లో చాలా ఏళ్లు హార్బర్ మాస్టర్‌గా ఉన్న హెన్రీ జార్జ్ థామ్సెటే వలస అధికారి కూడా. నావికుడికి నావికుడి పని అప్పగించినట్టు. కొలతలు చూడటంలో అలాంటివాడికి సాటి ఉండదు.

ఇక రెండో భాగం, మనిషిని అడగటం. ఒక సంగతి చెబుతాను. నేను తనిఖీకి వెళ్లిన ఒక సరుకు ఓడలో నావికులను వరసగా నిలబెట్టి, జీతం సరిగ్గా అందుతోందా అని ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ అందుతోందన్నారు. కెప్టెన్ నా వెనకే నిలబడి ఉన్నాడు. సాయంత్రం నేను దిగిపోతుంటే నిచ్చెన దగ్గర తాడు చుడుతున్న కుర్రాడు తలెత్తకుండానే, నాలుగు నెలలుగా రాలేదండీ అన్నాడు. నా ఫారంలో ఆ గడి అప్పటికే నింపేశాను.

హాంకాంగ్ డెక్కు మీద ఆ వరస ఎలా ఉంటుందో ఊహించండి. ఎదురుగా తెల్ల అధికారి, మధ్యలో దుబాసీ. వరసలో కొందరి భాష కాంటనీస్, కొందరిది హక్కా, కొందరిది హోక్కియన్. ఎక్కడికి పోతున్నావు? ఇష్టపడే పోతున్నావా? జవాబులు గుమాస్తా ముందు రోజే నేర్పి ఉంటాడు. కాదన్నవాడిని దించేస్తారు, నిజమే. దించాక వాడు ఎవరి చేతిలో పడతాడు? ఇన్నాళ్లూ వాడికి తిండి పెట్టి, ఆ ఖర్చు పుస్తకంలో రాసుకుంటూ వచ్చిన దళారీ చేతిలోనే. మరి నోరు ఎలా పెగులుతుంది?

మీ రెండో సందేహానికి జవాబు ఇందులోనే ఉంది. తనిఖీ జరిగేది డెక్కు మీద. దొంగతనం జరిగేది డెక్కు దాకా వచ్చే దారిలో. 1852లో చైనాలోని అమోయ్ రేవులో కూలీల కొట్టాలను జాన్ బౌరింగ్ స్వయంగా చూశాడు. ఆ తర్వాత హాంకాంగ్ గవర్నరైనవాడు. వందల మందిని బట్టలు విప్పి నిలబెట్టి, కాలిఫోర్నియా అయితే సి, పెరూ అయితే పి, శాండ్విచ్ దీవులు, అంటే ఇప్పటి హవాయి అయితే ఎస్, అని రొమ్ము మీద ఇంగ్లీషు అక్షరాలు వేసి ఉంచారని పైవాళ్లకు రాశాడు. బస్తా మీద చిరునామా రాసినట్టు! ఆ ఏడాది నవంబరులోనే అక్కడ జనం దళారీల మీద తిరగబడ్డారు. బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. చైనా జనం ఈ వ్యాపారాన్ని పందిపిల్లల అమ్మకం అనేవారు. ఇక ఇంగ్లీషువాడి కూలీ అన్న మాటను తమ లిపిలో రాసుకోవడానికి వాళ్లు ఎంచుకున్న రెండు అక్షరాలకు అర్థం చేదు, బలం. మనకు కూలి అంటే చేసిన పనికి వచ్చే డబ్బు. అదే శబ్దం అక్కడికి పోయి చేదైపోయింది.

డ్యూక్ ఆఫ్ పోర్ట్‌లాండ్ లాంటి ఓడల గొడవ బయటపడ్డాక, 1857లో దళారీల ఆర్డినెన్సు వచ్చింది. లైసెన్సు లేకుండా టికెట్ అమ్మరాదు, పూచీదారులతో బాండు ఇవ్వాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లివర్‌పూల్‌లో ఐరిష్ వలసదారులను దోచుకునే దళారీల మీద అప్పటికే ఉన్న పద్ధతి. కానీ లివర్‌పూల్ దళారీ లివర్‌పూల్లోనే ఉంటాడు. హాంకాంగ్ దళారీకి లైసెన్సు గోడ మీద వేలాడుతుంది, అతని మనిషి మాత్రం చైనా పల్లెలో తిరుగుతుంటాడు. అక్కడ బ్రిటిష్ చట్టం లేదు, బాండు లేదు. పల్లెలో మాయమాటలు చెప్పినవాడికి, రేవులో టికెట్ చింపి ఇచ్చినవాడికి మధ్య ఎంతమంది చేతులు మారేవారో!

ఇంకో సంగతి. చట్టం హాంకాంగ్ నుంచి పోయే ఏ ఓడనైనా పట్టుకుంటుంది. కానీ చైనా రేవుల్లో బ్రిటిష్ ఓడలను మాత్రమే పట్టుకుంటుంది. నలభై మైళ్ల దూరంలో పోర్చుగీసు మకావు. పెరూ, క్యూబా బేరమంతా అక్కడికి మళ్లింది. 1859లో ఫ్లోరా టెంపుల్ అనే అమెరికన్ ఓడ మకావు నుంచి 850 మందితో హవానాకు బయల్దేరి దిబ్బకు కొట్టుకుంది. సిబ్బంది పడవల్లో దిగిపోయారు. 850 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 1871లో డాన్ హువాన్ అనే ఓడ తగలబడితే, కిందివాళ్లు పైకి రాకుండా తలుపుల మూతలు తాళం వేసి ఉన్నాయి. వందల మంది పోయారు. అలాంటి ఓడలకు సరంజామా సమకూర్చే పనిలో హాంకాంగ్ రేవూ డబ్బు చేసుకుంది. దీని గురించి మాట్లాడేటప్పుడు హాంకాంగ్ పుణ్యాత్మురాలు, మకావు పాపాత్మురాలు అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చట్టం ఒకచోట నొక్కితే ఓడ ఇంకోచోట తేలుతుందనడానికి ఆస్ట్రేలియా చూడండి. 1855లో విక్టోరియా కాలనీ పది టన్నులకు ఒక చైనీయుడే అని, దిగిన ప్రతివాడికీ పది పౌన్ల పన్ను అని చట్టం చేసింది. అంటే ఆరు వందల టన్నుల ఓడకు అరవై మంది. హాంకాంగ్ కొలతలో అదే ఓడలో అంతకు ఎన్నో రెట్లు పడతారు. ఇక కెప్టెన్లు ఏం చేశారు? పక్క కాలనీ దక్షిణ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవులో దించేశారు. అక్కడి నుంచి బంగారు గనులకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా నడక. కావడి బద్ద భుజాన వేసుకుని వేలమంది నడిచారు. 1857లో దక్షిణ ఆస్ట్రేలియా కూడా పన్ను వేసింది.

న్యాయపక్షం:

లంగరు గారు మకావు దాకా వచ్చారు కాబట్టి ఒక కేసు చెప్పకుండా ఉండలేను. నేను వకీలును. లా కాలేజీలో దీన్ని సముద్రపు దొంగతనం నిర్వచనం కోసం చదివించారు. అసలు కథ ఎవరూ చెప్పలేదు.

1870లో నువెల్ పెనెలోప్ అనే ఫ్రెంచి ఓడ మకావు నుంచి పెరూకు బయల్దేరింది. ఓడలో 310 మంది కూలీలు. కొద్ది రోజులకే తిరుగుబాటు జరిగింది, కెప్టెన్‌ను, కొందరు సిబ్బందిని చంపారు, ఓడను చైనా తీరానికి తిప్పారు. తిరగబడ్డవారిలో క్వాక్ ఆ సింగ్ అనే అతను హాంకాంగ్‌లో దొరికాడు. చైనా ప్రభుత్వం అప్పగించమంది. ప్రధాన న్యాయమూర్తి జాన్ స్మేల్ 1871లో అతన్ని వదిలేశాడు. బలవంతంగా బంధించినవాడు బయటపడటానికి పోరాడితే అది నేరం కాదన్నది ఆయన తర్కం. మళ్లీ సముద్రపు దొంగతనం కింద పట్టుకున్నారు, మళ్లీ వదిలాడు. చివరికి 1873లో, వలసలకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్, చైనాకు అప్పగించనక్కర లేదు కానీ రెండోసారి వదలడం తప్పు అంది.

ఇప్పుడు వడ్డీలెక్క గారి ప్రశ్న వైపు నుంచి చూడండి. ఒప్పంద పత్రాలు ఉన్నాయి. వాళ్లు ఇష్టపడే పోతున్నారని మకావు అధికారుల ముందు నమోదైంది. స్మేల్ ఆ కాగితాలను దాటి మనిషిని చూశాడు. కాగితం మీద ఇష్టం ఉన్నంత మాత్రాన ఇష్టం ఉన్నట్టు కాదని ఒక వలస కోర్టు జడ్జి ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1874లో మకావు బేరం ఆగిపోయింది.

ధ్రువీకరణ పత్రాల గురించి ఇంకొకటి. 1862లో అమెరికా తన ఓడల్లో కూలీల రవాణాను నిషేధించి, స్వేచ్ఛగా పోయేవారికి కాన్సుల్ పత్రం ఉండాలంది. 1875లో పేజ్ చట్టంతో, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, ఇంకా బిగించింది. 1878లో జాన్ మోస్బీ హాంకాంగ్‌కు అమెరికా కాన్సుల్‌గా నియమితుడయ్యాడు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన గెరిల్లా యుద్ధం చేసినవాడు. వచ్చీ రాగానే ఖాతాలు విప్పి చూస్తే, తనకు ముందున్న డేవిడ్ బెయిలీ వలసదారుల తనిఖీ రుసుములను సొంత జేబులో వేసుకున్నట్టు తేలింది. అమ్మకానికి వచ్చినవి టికెట్లే కాదు, ఇష్టపడి పోతున్నాడనే పత్రం కూడా.

వడ్డీలెక్క:

అందరికీ కృతజ్ఞతలు. లంగరు గారి నిచ్చెన దగ్గరి కుర్రాడు నన్ను వదలడం లేదు. అప్పు మేళాల్లో నేను కూడా, వాయిదాలు అర్థమయ్యాయా అని వందల మందిని అడిగాను. అర్థం కాలేదన్నవాడు ఒక్కడూ గుర్తులేడు.

ఇంకొక్క సందేహం. ఏడు రోజులు దాటితేనే చట్టమని ఉంది కదా. మరి సింగపూర్ సంగతి? చైనా నుంచి లెక్కకు ఎక్కువమంది పోయింది ఆ వైపే కదా.

లంగరు:

మంచి చోట వేలు పెట్టారు. ఇది నా లెక్కే. హాంకాంగ్ నుంచి సింగపూర్ సుమారు 1,440 నాటికల్ మైళ్లు. ఎనిమిది నాట్ల, అంటే గంటకు ఎనిమిది నాటికల్ మైళ్లు పోయే ఓడకు 180 గంటలు, అంటే ఏడున్నర రోజులు. తొమ్మిది నాట్లయితే 160 గంటలు, ఆరు రోజుల పదహారు గంటలు. ఒక్క నాటు తేడాతో ఓడ గీతకు అటో ఇటో అవుతుంది! అందుకే ఏ ప్రయాణాన్ని ఎన్ని రోజులుగా లెక్కించాలో ప్రకటించే అధికారం చట్టమే హాంకాంగ్‌కు ఇచ్చింది. అయినా చైనా రేవు స్వాటోవ్ నుంచి వేరే దేశపు జెండాతో నేరుగా పోయే ఓడను ఈ చట్టం తాకలేదు.

అందుకని స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్, అంటే సింగపూర్, పెనాంగ్, మలక్కాల బ్రిటిష్ ప్రభుత్వం 1877లో తలకిందులుగా ఆలోచించింది. ఎక్కేచోట కాక దిగేచోట పట్టుకుంది. చైనీయుల రక్షణ కార్యాలయం పెట్టి విలియం పికరింగ్‌కు అప్పగించింది. అతనికి చైనా భాషలు వచ్చు. దుబాసీ లేకుండా అడగగల అధికారి. ఈ మొత్తం కథలో నాకు కనిపించిన అసలైన తేడా అదే. అంతవరకు ఏం జరిగేదంటే, ప్రయాణ ఖర్చు చెల్లించని కొత్తవాడిని యజమాని వచ్చి డబ్బు కట్టేదాకా ఓడలోనో, దళారీ గదిలోనో కదలనిచ్చేవారు కాదు. అలాంటివాడిని సిన్‌ఖే అనేవారు. మాటకు అర్థం కొత్త అతిథి. అతిథిని తలుపు వేసి తాళం పెట్టే మర్యాద!

1877 చట్టం తర్వాత అధికారులు ఓడ ఎక్కి, బాకీ ఉన్నవాళ్లను లైసెన్సు ఉన్న డిపోలకు తీసుకుపోయి, అక్కడ ఒప్పందాలు నమోదు చేసేవారు. దళారీలకు, రహస్య సంఘాలకు ఇది మింగుడు పడలేదు. 1887లో ఒక టియోచూ (స్వాటోవ్ ప్రాంతపు చైనీయుల) వడ్రంగి పికరింగ్ ఆఫీసులోకి వచ్చి గొడ్డలి ఇనుప తల విసిరి అతని నుదురు చిట్లగొట్టాడు. బతికాడు గానీ మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. అక్కడ ఒప్పందపు కూలీ పద్ధతి పూర్తిగా ఎత్తేసింది 1914లో.

హాంకాంగ్‌లోనూ అడగటం కాస్త మెరుగుపడింది, కానీ ప్రభుత్వం వల్ల కాదు. 1870 ఆర్డినెన్సుతో ఏర్పడి 1872లో తెరిచిన టుంగ్ వా ఆసుపత్రి పెద్దలు చైనా వర్తకులు. ఎత్తుకొచ్చినవాళ్లను గుర్తించి సొంత ఊళ్లకు పంపించేవారు. ఇష్టపడే పోతున్నావా అని అడిగితే నేర్పిన జవాబు వస్తుంది. మీ ఊరి పక్క వాగు పేరేమిటి, నీతో వచ్చినవాడు నీకు ఏమవుతాడు అని సొంత భాషలో అడిగితే ఆ నేర్పిన జవాబు పనికిరాదు.

పాతపటం:

సరే, ఒప్పుకున్నాను, నాదే పొరపాటు. కానీ లంగరు గారూ, ఒకటి అడుగుతాను. కాలిఫోర్నియా వెళ్లినవాడు అక్కడ దిగాక బాకీ ఎగ్గొట్టి కొండల్లోకి పోతే ఎవరు పట్టుకుంటారు? వందల మైళ్ల గనులు, పోలీసు లేడు, కోర్టులో చైనీయుడి సాక్ష్యం తెల్లవాడి మీద చెల్లదు. ఇంత ధైర్యంగా టికెట్ అప్పు ఎలా ఇచ్చారు?

వడ్డీలెక్క:

పాతపటం గారూ, దీనికి మాత్రం జవాబు నా దగ్గర ఉంది. రెండు రోజులుగా దీని వెంటే పడ్డాను. తాకట్టు ఏమిటి అన్నదే నా మొదటి ప్రశ్న కూడా. భూమి లేదు, నగ లేదు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఒక తాకట్టు, అది ఎవరైనా ఊహించగలరు. కానీ వసూలు ఎలా?

శాన్‌ఫ్రాన్సిస్కోలో జిల్లాలవారీగా చైనీయుల సంఘాలు ఉండేవి. వాటన్నిటినీ కలిపి ఆరు కంపెనీలు అనేవారు. అవి పసిఫిక్ మెయిల్ స్టీమర్ల కంపెనీతో ఒక ఏర్పాటు చేసుకున్నాయి. 1867లో హాంకాంగ్‌కు క్రమంగా ఆవిరి ఓడలు నడపడం మొదలుపెట్టింది ఆ కంపెనీయే. ఏర్పాటు ఏమిటంటే, చైనాకు తిరిగిపోయే చైనీయుడు తన బాకీలన్నీ తీరాయని సంఘం ఇచ్చిన పత్రం చూపిస్తేనే అతనికి టికెట్ అమ్ముతారు. కొండల్లో పదేళ్లు దాక్కున్నా ఫరవాలేదు. ముసలితనంలోనైనా ఇంటికి పోవాలనిపిస్తుంది కదా, అప్పుడు ఆ కిటికీ దగ్గరికి రాక తప్పదు.

అంటే ఎక్కేటప్పుడు బ్రిటిష్ అధికారి ఇచ్చిన పత్రం, దిగేటప్పుడు అమెరికన్ అధికారులు చూసుకున్న పత్రం, వీటన్నిటికీ సందులున్నాయి. సందు లేనిది తిరుగు టికెట్ దగ్గరి ఈ ఒక్క కాగితం. ఏ పార్లమెంటూ దాన్ని చేయలేదు.

నా సర్వీసులో బాకీ లేదనే పత్రాలు ఎన్ని వేలు రాసిచ్చానో లెక్క లేదు. జనం పెన్షన్ కాగితాల కోసం, ఇంటి దస్తావేజుల కోసం వచ్చేవారు. నిన్న పాత బీరువాలో ఒక ఖాళీ ఫారం దొరికింది. పేరు, ఖాతా సంఖ్య, తేదీ, అధికారి సంతకం. లంగరు గారి సుద్దగీతలా దీన్ని కూడా ఒకసారి నింపి చూద్దామనుకున్నాను. పేరు దగ్గర ఏం రాయాలో తెలియక ఆపేశాను.